బీఫార్మసీ బ్యాక్‌లాగ్ లేకుండా పూర్తి చేయడం ఎలా: మొదటి వారం నుంచి రిజిస్ట్రేషన్ దాకా

బీఫార్మసీలో చేరినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది: ఇన్ని సబ్జెక్టుల్లో ఏది ముందు పట్టుకోవాలి? ముందు ల్యాబ్ పట్టుకోండి. మొదటి సెమిస్టర్‌లోనే వారానికి నాలుగు పెద్ద ల్యాబులు, ఒక్కోటి నాలుగు గంటలు. ఆ పదహారు గంటలూ పక్కవాడి టైట్రేషన్ చూస్తూ నిలబడి, రాత్రికి థియరీ బట్టీ పడితే రెండూ అందవు. ల్యాబుకు తయారై వెళ్లినవాళ్లకు థియరీలో సగం అక్కడే అయిపోతుంది.

కింద చెప్పే మార్కులు, గంటలు ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే పీసీఐ, నిబంధనల ప్రకారం. జేఎన్టీయూలు, ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో ప్రశ్నపత్రం తీరు, హాజరు మినహాయింపులు కొంత మారవచ్చు. మీ బ్యాచ్ రెగ్యులేషన్ల కాపీ పక్కన పెట్టుకుని చదవండి.

1. మొదటి వారంలో ముగించాల్సిన పనులు

కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునేటప్పుడే దానికి ఆ ఏడాది పీసీఐ అనుమతి ఉందో లేదో చూసుకోండి. భవనం, బస్సులు, హాస్టల్ తర్వాత సంగతి. అనుమతి లేని చోట చదివితే చివర్లో ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కుంటారు.

చేరాక సిలబస్ మొత్తం ప్రింట్ తీయించి బైండింగ్ చేయించండి. ప్రతి యూనిట్ పక్కన గంటలు రాసి ఉంటాయి. పది గంటల యూనిట్‌కూ ఏడు గంటల యూనిట్‌కూ ఒకే సమయం ఇవ్వకండి. సీనియర్ల నోట్స్ తీసుకోండి గానీ, పాత సిలబస్ నోట్స్ అయితే మీకు లేని టాపిక్‌లు పది అందులో ఉంటాయి, మీకు ఉన్నవి పది అందులో ఉండవు. ముందు సిలబస్‌తో పోల్చి టిక్ పెట్టుకోండి.

కొనాల్సినవి:

- పొడుగు చేతుల నూలు ఏప్రాన్ రెండు. సింథటిక్ వద్దు, బర్నర్ మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.
- కాళ్లను పూర్తిగా కప్పే బూట్లు, సేఫ్టీ గాగుల్స్
- సైంటిఫిక్ క్యాలిక్యులేటర్. ప్రోగ్రామబుల్ రకాన్ని పరీక్ష హాల్లోకి రానివ్వరు.
- స్పాచులా, గాజు మీద రాసే మార్కర్, అగ్గిపెట్టె, రెండు పాత నూలుగుడ్డలు
- ఒక్కో ల్యాబ్‌కు ఒక అబ్జర్వేషన్ బుక్, ఒక రికార్డు
- ఫార్మకాగ్నసీ (మొక్కల వంటి సహజ మూలాల మందుల సబ్జెక్టు) మొదలయ్యేసరికి కొత్త బ్లేడ్లు, సన్నని బ్రష్, స్లైడ్లు, కవర్‌స్లిప్‌లు

2. మార్కుల లెక్క ముందే చూసుకోండి

థియరీ సబ్జెక్టుకు 100 మార్కులు. 75 సెమిస్టర్ చివరి పరీక్షకు, 25 ఇంటర్నల్స్‌కు. ఆ 25లో 15 సెషనల్స్‌వి, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్షలవి. 10 కంటిన్యూయస్ మోడ్‌వి, అంటే హాజరు లాంటి రోజువారీ అంశాలవి. ల్యాబ్‌కు 50: చివరి పరీక్ష 35, ఇంటర్నల్ 15. పాస్ కావాలంటే ఇంటర్నల్ కలిపి 50 శాతం రావాలి.

ఇంటర్నల్ 21 ఉన్నవాళ్లకు చివరి పరీక్షలో 75కి 29 చాలు. 11 ఉన్నవాళ్లకు 39 కావాలి. ఆ పది మార్కుల తేడా అంటే పరీక్షలో ఒక పూర్తి పెద్ద ప్రశ్న. కొన్ని యూనివర్సిటీలు చివరి పరీక్షలో విడిగా కనీస మార్కులు అడుగుతాయి, అది కూడా రెగ్యులేషన్లలో వెతకండి.

కంటిన్యూయస్ మోడ్ 10లో 4 కేవలం హాజరుకే. 95 శాతం, ఆపైన ఉంటే 4, 90 నుంచి 94 వరకు 3, 85 నుంచి 89 వరకు 2, 80 నుంచి 84 వరకు 1. ఎనభై లోపు సున్నా, పైగా పరీక్షకు అర్హతే పోవచ్చు. ఈ హాజరు థియరీకి వేరు, ల్యాబ్‌కు వేరు. మొత్తం మీద 85 ఉంది కదా అని ధీమాగా ఉంటే, ఒక్క ల్యాబ్‌లో 72 ఉండి డిటెయిన్ అయ్యే పరిస్థితి వస్తుంది. ల్యాబ్ వారానికి ఒక్కసారే కాబట్టి సెమిస్టర్‌లో మూడు నాలుగు డుమ్మాలు కొడితే ఆ శాతం కూలిపోతుంది. మానేయక తప్పని రోజు వస్తే ల్యాబ్ లేని రోజు చూసుకోండి.

ఇక గేట్లు, అంటే పాత సబ్జెక్టులు పాస్ కాకపోతే ముందుకు పోనివ్వని చోట్లు. మొదటి మూడు సెమిస్టర్ల బ్యాక్‌లాగ్‌లు నాలుగో సెమిస్టర్ పరీక్షల దాకా మోసుకెళ్లవచ్చు. ఐదో సెమిస్టర్‌లో కూర్చోవాలంటే మాత్రం ఒకటి, రెండు సెమిస్టర్లు పూర్తిగా క్లియర్ అయి ఉండాలి. ఏడో సెమిస్టర్‌కు మొదటి నాలుగూ క్లియర్ కావాలి. సంవత్సరం పోగొట్టుకునేది ఎక్కువగా ఈ రెండు చోట్లే.

3. ఎంపీసీ, బైపీసీ లోటు మొదటి నెలలోనే పూడ్చుకోండి

ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకు రెమీడియల్ బయాలజీ, బైపీసీ వాళ్లకు రెమీడియల్ మ్యాథ్స్ ఉంటాయి. చిన్న సబ్జెక్టులని వీటిని పక్కన పెట్టేస్తారు. తర్వాత దెబ్బ తగిలేది వేరే చోట.

ఎంపీసీ వాళ్లు మొదటి నెలలో కణం, కణజాలాలు, ఎముకల పేర్లు పూర్తి చేయాలి. అనాటమీ ల్యాబ్‌లో ఎముక చేతికిచ్చి కుడిదా ఎడమదా అని అడుగుతారు. బొమ్మ చూసి చదివితే చెప్పలేరు, ఎముక పట్టుకునే చదవాలి.

బైపీసీ వాళ్లకు కావలసింది లాగరిథమ్‌లు, గ్రాఫు వాలు, కొద్దిపాటి కాలిక్యులస్. నాలుగో సెమిస్టర్‌లో మందు స్థిరత్వం, ఆరో సెమిస్టర్‌లో ఫార్మకోకైనటిక్స్ (ఒంట్లో మందు మోతాదు కాలంతో ఎలా మారుతుందో చెప్పే లెక్కలు) ఈ మూడింటి మీదే నడుస్తాయి. ఉదాహరణకు ఫస్ట్ ఆర్డర్‌లో అర్ధాయువు 0.693ను రేట్ కాన్‌స్టెంట్‌తో భాగిస్తే వస్తుంది. కాన్‌స్టెంట్ గంటకు 0.231 అయితే అర్ధాయువు 3 గంటలు. ఈ లెక్క వేళ్ల మీద రావాలి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు వాక్యాలతో కుస్తీ పట్టకుండా ముందు పదాల మూలాలు పట్టండి. హెపటో అంటే కాలేయం, నెఫ్రో అంటే మూత్రపిండం, హీమో అంటే రక్తం, ఆస్టియో అంటే ఎముక. చివర ఐటిస్ వస్తే వాపు, ఎమియా వస్తే రక్తానికి సంబంధించినది. ఇలాంటివి అరవై రాసి గోడకు అంటించుకుంటే రెండో సెమిస్టర్ పాథోఫిజియాలజీ పుస్తకం భయపెట్టదు. సమాధానాలు చిన్న వాక్యాల్లో, పాయింట్లుగా రాయండి. మార్కులు విషయానికే.

4. ల్యాబ్: ముందురోజు రాత్రి అరగంట

అబ్జర్వేషన్ బుక్‌లో ఎడమ పేజీలో ఈ ఐదూ రాసుకుని వెళ్లండి:

- ఈ ప్రయోగం వెనక ఉన్న సూత్రం, రెండే వాక్యాల్లో
- ఫార్ములా, మనం చేయాల్సిన పరిమాణానికి కుదించిన లెక్కతో
- ఏది ముందు, ఏది తర్వాత. ఆ క్రమం ఎందుకు
- ఏ పాత్ర పొడిగా ఉండాలి, ఏది ఏ ద్రవంతో కడగాలి
- ఫలితం ఎంత రావచ్చో ముందస్తు అంచనా

చివరిది ఎక్కువమంది రాయరు. అంచనా ఉంటే తప్పు జరిగినప్పుడు టేబుల్ దగ్గరే తెలుస్తుంది, రికార్డు దిద్దేటప్పుడు కాదు.

4.1 టైట్రేషన్

0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌ను పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో స్టాండర్డైజ్ చేయడం, అంటే దాని అసలు గాఢత తేల్చడం, తీసుకుందాం. హైడ్రాక్సైడ్ గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది, అందుకే 4 గ్రాములు తూచి లీటరు చేసినా అది కచ్చితంగా 0.1 కాదు. థాలేట్ అలా మారదు కాబట్టి దాంతో సరిచూస్తాం.

థాలేట్ 0.42 గ్రాములు తూచారనుకోండి. 1 మి.లీ. 0.1 నార్మల్ ద్రావణానికి 0.02042 గ్రాముల థాలేట్ సమానం. కాబట్టి బ్యూరెట్ రీడింగ్ 20.57 దగ్గర రావాలి. మీకు 20.8 వచ్చింది. అసలు నార్మాలిటీ 0.0989. ఈ సంఖ్యను సీసా లేబుల్ మీద తేదీతో రాయండి.

ఇప్పుడు అదే ద్రావణంతో అమ్మోనియం క్లోరైడ్ అస్సే, అంటే నమూనాలో అసలు పదార్థం ఎంత శాతమో తేల్చే పరీక్ష. 0.1 గ్రాము నమూనాకు 18.6 మి.లీ. పట్టింది. ఫ్యాక్టర్, అంటే 1 మి.లీ. 0.1 నార్మల్ ద్రావణానికి సమానమైన గ్రాములు, 0.005349. నార్మాలిటీ సవరణ చేయకపోతే 99.5 శాతం, చేస్తే 98.4 శాతం. సవరణ మర్చిపోవడమే ఈ ల్యాబ్‌లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. ఇదే అస్సేలో ఇంకో గుంట ఉంది: కలిపే ఫార్మాల్డిహైడ్‌లో కొంత ఫార్మిక్ ఆమ్లం ఉంటుంది, దాన్ని ముందే ఫినాల్ఫ్తలీన్‌తో న్యూట్రలైజ్ చేయకపోతే రీడింగ్ పెరిగి శాతం వందకు పైన పోతుంది.

రీడింగ్ తప్పితే ఎక్కడ వెతకాలి:

- మూడు రీడింగులూ మూడు రకాలు: బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ ఉంది, లేదా పైన గరాటు తీయలేదు. గరాటు నుంచి చుక్కలు జారుతూనే ఉంటాయి.
- ప్రతిసారీ ఎక్కువ వస్తోంది: కోనికల్ ఫ్లాస్క్‌ను అందులో కొలిచి పోసే నమూనా ద్రావణంతోనే కడిగారు. బ్యూరెట్‌ను, పిపెట్‌ను వాటిలో పోసే ద్రావణంతో కడగాలి, ఫ్లాస్క్‌ను మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే.
- గులాబీ రంగు ముదిరిపోయింది: ఎండ్ పాయింట్ దాటారు. లేత రంగు 30 సెకన్లు నిలిస్తే చాలు. దాటిన రీడింగును అంచనాతో తగ్గించి రాయకండి, మళ్లీ చేయండి.
- పర్మాంగనేట్ టైట్రేషన్‌లో గోధుమరంగు మడ్డి: ఆమ్లం తక్కువైంది, లేదా తొందరపడి ఒకేసారి ఎక్కువ పోశారు. ఆక్సాలిక్ ఆమ్లాన్ని 60–70 డిగ్రీలకు వేడి చేసి నెమ్మదిగా పోయండి. ముదురు రంగు కాబట్టి రీడింగు పై అంచు దగ్గర చూడాలి.
- అయోడిన్ టైట్రేషన్‌లో నీలం పోవడం లేదు: స్టార్చ్ ముందే వేశారు. ద్రావణం గడ్డిరంగుకు వచ్చాకే వేయాలి.

రెండు రీడింగుల మధ్య 0.1 మి.లీ. కంటే తేడా ఉంటే మూడోది తీయాల్సిందే.

4.2 ఫార్మాస్యూటిక్స్: క్రమం తప్పితే మందు రాదు

గొంతుకు పూసే మందు మాండిల్స్ పెయింట్ 100 మి.లీ.కి అయోడిన్ 1.25 గ్రా., పొటాషియం అయొడైడ్ 2.5 గ్రా., నీరు 2.5 మి.లీ., పిప్పర్‌మెంట్ నూనె 0.4 మి.లీ., 90 శాతం ఆల్కహాల్ 4 మి.లీ., మిగతా గ్లిజరిన్. ల్యాబ్‌లో 20 మి.లీ. చేయమంటే అన్నిటినీ 0.2తో గుణించాలి: అయోడిన్ 0.25, అయొడైడ్ 0.5, నీరు 0.5. ఆ అర మిల్లీలీటరు నీళ్లు చూసి "ఇంత తక్కువా?" అని ఇంకాస్త పోసేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది.

అయోడిన్ నీటిలో సరిగా కరగదు. చిక్కటి అయొడైడ్ ద్రావణంలో మాత్రం ట్రైఅయొడైడ్‌గా మారి కరుగుతుంది. అందుకే క్రమం ఇది:

1. అయొడైడ్‌ను ఆ కొద్ది నీటిలో కరిగించండి.
2. అయోడిన్‌ను వాచ్‌గ్లాస్‌లో తూచి అందులో వేసి, గింజ కూడా మిగలకుండా కలపండి. లోహపు స్పాచులా వాడితే తుప్పు పడుతుంది.
3. పిప్పర్‌మెంట్ నూనెను ఆల్కహాల్‌లో కరిగించి కలపండి.
4. గ్లిజరిన్‌తో మేకప్ చేయండి, అంటే కావలసిన మొత్తం పరిమాణం దాకా నింపండి. గ్లిజరిన్ సిలిండర్ గోడలకు అంటుకుని కొలత తగ్గుతుంది, కాబట్టి 20 మి.లీ. గుర్తు పెట్టిన సీసాలోనే నేరుగా పోయండి.

అయోడిన్ కరగకముందే గ్లిజరిన్ పోస్తే అడుగున నల్లటి గింజలు మిగిలిపోతాయి. రోగి గొంతుకు పూస్తే ఆ గింజే కాలుస్తుంది.

ఎమల్షన్‌కు, అంటే నూనె నీటిలో సన్నని బిందువులుగా కలిసి ఉండే మందుకు, డ్రై గమ్ పద్ధతి. ఆముదం లాంటి ఫిక్స్‌డ్ నూనెకు నూనె, నీరు, గమ్ నిష్పత్తి 4:2:1, లిక్విడ్ పారాఫిన్‌కు 3:2:1, వోలటైల్ (ఆవిరైపోయే) నూనెకు 2:2:1. నూనె 8 మి.లీ. అయితే గమ్ 2 గ్రా., నీరు 4 మి.లీ. మోర్టార్ అంటే మన కల్వమే, అది బాగా పొడిగా ఉండాలి. నూనె కొలిచే సిలిండరూ పొడిగానే ఉండాలి. గమ్‌ను నూనెతో నూరి, ఆ 4 మి.లీ. నీరంతా ఒక్కసారే పోసి, ఒకే వైపు వేగంగా నూరండి. రంగు తెల్లబడి, పెస్టిల్ (నూరే రాయి) కింద టకటకమని చప్పుడు వస్తే ప్రైమరీ ఎమల్షన్ తయారైనట్టు. ఆ తర్వాతే మిగతా నీరు కొద్దికొద్దిగా.

చప్పుడు రాకుండా పలచగా, నూనె మరకలతో ఉంటే అది చెడినట్టే. ఇంకాస్త గమ్ చల్లి బాగుచేద్దామని చూడకండి, ఎంత నూరినా కుదరదు. కల్వం కడిగి, తుడిచి, ఆరబెట్టి మొదటి నుంచి చేయడానికి పది నిమిషాలు చాలు.

సింపుల్ సిరప్‌లో చక్కెర బరువు ప్రకారం 66.7 శాతం. 100 గ్రాముల సిరప్‌కు 66.7 గ్రాముల చక్కెర వేసి నీటితో 100 గ్రాములు చేయాలి, 100 మిల్లీలీటర్లు కాదు. చక్కెర తగ్గితే బూజు పడుతుంది, పెరిగితే గడ్డకడుతుంది.

ఆల్కహాల్ లెక్కల్లోనూ ఒక మెలిక ఉంది. 95 శాతం నుంచి 60 శాతం ఆల్కహాల్ 500 మి.లీ. కావాలంటే 315.8 మి.లీ. తీసుకోవాలి. దానికి 184.2 మి.లీ. నీళ్లు కలపమని రాస్తే మార్కు పోతుంది. ఆల్కహాల్, నీరు కలిస్తే మొత్తం పరిమాణం తగ్గుతుంది కాబట్టి "నీటితో 500 మి.లీ.కి మేకప్ చేయాలి" అనే రాయాలి.

4.3 రక్తం పరీక్షలు

సాలీ పద్ధతిలో హీమోగ్లోబిన్‌కు ట్యూబులో అడుగు గుర్తు దాకా డెసినార్మల్ (0.1 నార్మల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులో 20 మైక్రోలీటర్ల రక్తం, 10 నిమిషాలు ఆగడం, తర్వాత చుక్క చుక్కగా నీరు పోసి రంగు పోల్చడం. పది నిమిషాలు ఆగకపోతే రంగు పూర్తిగా రాదు, రీడింగు తక్కువ వస్తుంది. వేలు గట్టిగా పిండితే కణజాల ద్రవం కలిసి అప్పుడూ తక్కువే వస్తుంది. మొదటి చుక్క తుడిచేసి, రెండోది దానంతట అది ఉబికినప్పుడు తీయండి.

లాన్సెట్ ఒకరికి ఒకటే, పంచుకోవద్దు. వాడినది బల్ల మీద పెట్టకుండా వెంటనే సూదుల డబ్బాలో వేయండి.

4.4 మైక్రోస్కోపు

సెక్షన్, అంటే మొక్క భాగం నుంచి బ్లేడుతో కోసిన పొర, ఎంత పెద్దదన్నది కాదు, ఎంత పలచనిదన్నదే చూడండి. పూర్తి గుండ్రటి మందపు ముక్క కంటే పావు వంతు పలచటి ముక్క మేలు. పది కోసి నీటిలో తేల్చి, గాజులా కనిపించేదాన్ని బ్రష్‌తో తీయండి. క్లోరల్ హైడ్రేట్‌లో వేడి చేస్తే స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్లోరోగ్లూసినాల్, దాని మీద గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే లిగ్నిన్ ఉన్నచోట ఎరుపు. స్టార్చ్ చూడాలంటే మాత్రం వేరే స్లైడు నీటిలో పెట్టి అయోడిన్ వేయాలి, క్లోరల్ హైడ్రేట్ స్టార్చ్‌ను కరిగించేస్తుంది. ఒకే స్లైడులో రెండూ వెతికి "స్టార్చ్ లేదు" అని రాసేవాళ్లు చాలామంది.

5. రికార్డు, వైవా

ల్యాబ్ అయిన 48 గంటల్లో రికార్డు రాయండి. వారం ఆగితే రంగు, వాసన, చప్పుడు గుర్తుండవు, పక్కవాడి రికార్డు కాపీ మిగులుతుంది. సెమిస్టర్ చివర్లో నలభై ప్రయోగాలు రాత్రంతా కూర్చుని రాసేవాళ్లకు ఆ వారం చదువు కూడా పోతుంది.

తప్పు రాస్తే వైట్‌నర్ వాడకండి. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయండి. మందుల కంపెనీల్లో బ్యాచ్ రికార్డు రాసే పద్ధతి ఇదే, అక్కడ దిద్దిన అంకె కింద పాత అంకె కనిపించాలి. ఇప్పటి నుంచే చేయి అలవాటు పడితే ఉద్యోగంలో మొదటి నెల మాటలు పడరు.

వైవాలో "ఏం చేశావు" కంటే "ఎందుకు" అన్నవే ఎక్కువ. ఎడమ పేజీలో మీరు రాసుకున్న ఐదు పాయింట్లే మళ్లీ చదువుకుని వెళ్లండి.

6. థియరీ: సబ్జెక్టు తీరును బట్టి

ఆర్గానిక్, మెడిసినల్ కెమిస్ట్రీ. ఇవి చేతితో చదవాలి. రోజుకు రెండు నిర్మాణాలు చూడకుండా గీసి, తర్వాత పుస్తకంతో సరిచూడండి. మెకానిజంలో బాణం ఎప్పుడూ ఎలక్ట్రాన్లు ఉన్నచోట మొదలై లేనిచోటికి పోవాలి. ప్రోటాన్ నుంచి బాణం గీసినా, కార్బన్‌కు ఐదు బంధాలు వచ్చినా మిగతాది ఎంత బాగున్నా మార్కులు రావు. ఒక్కో మందుల తరగతికి ఒకే పేజీ: మూల వలయం నంబర్లతో, ఎక్కడ ఏం మారిస్తే ఏమవుతుంది, ఒక సింథసిస్. ల్యాబ్‌తో ముడిపెట్టండి. ఆస్పిరిన్ చేశాక ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఊదారంగు వచ్చిందంటే శాలిసిలిక్ ఆమ్లం మిగిలిందని అర్థం. ఫినాల్ హైడ్రాక్సిల్ ఇంకా ఖాళీగా ఉంది కాబట్టే ఆ రంగు. ఎసిటైలేషన్ గురించి అంతకంటే బాగా చెప్పే పేజీ ఏ నోట్స్‌లోనూ దొరకదు.

ఫార్మకాలజీ. ఒక్కో మందుకు ఐదు వరుసలు: తరగతి, పనితీరు, ఉపయోగాలు, దుష్ప్రభావాలు, ఎవరికి ఇవ్వకూడదు. మెట్‌ఫార్మిన్ తీసుకోండి. బైగ్వనైడ్, కాలేయంలో గ్లూకోజ్ తయారీ తగ్గిస్తుంది, టైప్ 2 మధుమేహం, కడుపులో ఇబ్బంది, దీర్ఘకాలంలో బీ12 లోపం, అరుదుగా లాక్టిక్ ఆసిడోసిస్, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు వద్దు. ఐదో వరుసకు కారణం నాలుగో వరుసలోనే ఉంది చూడండి. ఇలా కలిపి చదివితే మర్చిపోరు.

పేర్ల చివరలు పెద్ద సాయం: ప్రిల్, సార్టాన్, స్టాటిన్, ప్రజోల్, ఓలాల్. కానీ గుడ్డిగా నమ్మకండి. స్టానొజొలాల్ పేరు ఓలాల్‌తోనే ముగుస్తుంది, అది బీటా బ్లాకర్ కాదు, అనబాలిక్ స్టెరాయిడ్. మొదట తరగతి పూర్తిగా చదివి, తర్వాత చివరలు పెట్టుకోండి. ఫార్మకాలజీ నాలుగు, ఐదు, ఆరు సెమిస్టర్లలో వరుసగా వస్తుంది. నాలుగో సెమిస్టర్‌లో నరాల మీద పనిచేసే మందులు సరిగా రాకపోతే ఐదులో గుండె మందులు అర్థం కావు.

జ్యూరిస్‌ప్రుడెన్స్, అంటే మందుల చట్టాలు. ఇంట్లో ఉన్న ఖాళీ మందు స్ట్రిప్పులు పది తెచ్చుకుని చట్టం పక్కన పెట్టుకోండి. 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 1945 రూల్స్‌లో షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ తేడాలు, లేబుల్ మీద హెచ్చరిక, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ అన్నీ ఆ రేకు మీదే ఉంటాయి. 1948 ఫార్మసీ చట్టం, 1985 ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం, 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు సంవత్సరాలతో సహా రాయండి.

పరిశ్రమ సబ్జెక్టులకు అంకెలే ప్రాణం. టాబ్లెట్ బరువు తేడా పరీక్షకు 20 టాబ్లెట్లు తీసుకోవాలి. ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా) ప్రకారం సగటు 80 మి.గ్రా. లేదా అంతకంటే తక్కువైతే 10 శాతం, 80కి పైన 250కి లోపు 7.5, 250 లేదా ఆపైన 5. రెండుకు మించి టాబ్లెట్లు హద్దు దాటకూడదు, ఏ ఒక్కటీ రెట్టింపు హద్దు దాటకూడదు. ఈ చివరి షరతు రాయనివాళ్లే ఎక్కువ.

7. పరీక్ష రాసే తీరు

పీసీఐ నమూనాలో 75 మార్కుల పేపర్ మూడు గంటలు: 20 మార్కుల ఆబ్జెక్టివ్, మూడు పెద్ద ప్రశ్నల్లో రెండు, తొమ్మిది చిన్న ప్రశ్నల్లో ఏడు. చిన్నవే 35 మార్కులు, అందరూ సమయం తగ్గించేది వాటికే.

సమయం ఇలా పంచండి: ఆబ్జెక్టివ్ 20 నిమిషాలు, పెద్దవి ఒక్కోటి 25, చిన్నవి ఒక్కోటి 13. మొత్తం 161. మిగిలిన 19 నిమిషాలు నిర్మాణాలు, యూనిట్లు, బొమ్మల లేబుళ్లు సరిచూడటానికి. పెద్ద ప్రశ్న రుచి మరిగి నలభై నిమిషాలు రాస్తే ఒక చిన్న ప్రశ్న పోతుంది.

ప్రాక్టికల్ పరీక్షలో మొదట సినాప్సిస్, అంటే చిన్న రాత పరీక్ష, రాయిస్తారు. చివరి పరీక్షలో దానికి 5, ప్రయోగానికి 25, వైవాకు 5. లెక్క పూర్తి చేయకుండా ప్రయోగం వదిలేస్తే ఆ 25లో బాగా కోత పడుతుంది.

8. బ్యాక్‌లాగ్ పడితే

ముందు ఎక్కడ పోయిందో చూడండి. ఇంటర్నల్ తక్కువై పోయిందా, చివరి పరీక్షలో పోయిందా? ఇంటర్నల్ తక్కువైతే సెషనల్ మెరుగుపరుచుకోవడానికి ఒక్క అవకాశం ఉంటుంది, తర్వాతి పరీక్షలకు ముందే దాన్ని వాడుకోవాలి. నోటీసు బోర్డులో తేదీ రెండు రోజుల ముందే పెట్టే కాలేజీలున్నాయి, వెళ్లి మీరే అడగండి.

మోసే సబ్జెక్టులకు క్రమం ఇది: గేటు అడ్డుపడేవి ముందు, తర్వాతి సబ్జెక్టుకు పునాది అయినవి ఆ తర్వాత, చిన్నవి చివర. ఆర్గానిక్ మొదటి పేపర్ మోస్తూ మెడిసినల్ కెమిస్ట్రీ చదవడం ఇసుక మీద గోడ కట్టడమే. పాత ప్రశ్నపత్రాలు ఐదేళ్లవి తీసి, యూనిట్ల వారీగా కత్తిరించి అంటించుకోండి. ఏ యూనిట్ నుంచి ఏ ప్రశ్న తిరిగి తిరిగి వస్తోందో ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

9. ఆరో సెమిస్టర్ తర్వాత

ఆరు, ఏడు సెమిస్టర్ల మధ్య నాలుగు వారాల్లో కనీసం 150 గంటల శిక్షణ ఉంటుంది. దరఖాస్తులు రెండు నెలల ముందే పంపండి. కంపెనీలో సర్టిఫికెట్ కోసం కాకుండా ఒక విభాగం పట్టుకుని చూడండి: గ్రాన్యులేషన్ నుంచి కంప్రెషన్ దాకా ఒకే బ్యాచ్ వెంట నడిస్తే ఇండస్ట్రియల్ ఫార్మసీ మళ్లీ చదవక్కర్లేదు.

ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టు ఐదుగురు మించని బృందంతో. మీ కాలేజీలో లేని పరికరం అవసరమయ్యే అంశం ఎంచుకోకండి. శాంపిల్ బయటికి పంపి రిపోర్టు కోసం ఎదురుచూస్తూనే సెమిస్టర్ గడిచిపోతుంది.

ఎంఫార్మసీ చేయాలనుకుంటే దాని జాతీయ ప్రవేశ పరీక్ష జీప్యాట్ చదువు ఐదో సెమిస్టర్ నుంచే మొదలుపెట్టండి. నాలుగో ఏడాదిలో రాయవచ్చు. 2024 నుంచి దీన్ని నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఇన్ మెడికల్ సైన్సెస్ (ఎన్‌బీఈఎంఎస్) నిర్వహిస్తోంది. తప్పు జవాబుకు మార్కు కోత ఉంది కాబట్టి ఊహించి గుర్తించే అలవాటు మానాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ మరో దారి.

డిగ్రీ చేతికొచ్చాక రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుంటేనే మందులు ఇచ్చే హక్కు. సిద్ధం చేసుకోవాల్సినవి:

- పదో తరగతి, ఇంటర్ మెమోలు
- అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్
- ఆధార్, చిరునామా రుజువు, ఫొటోలు

వీటన్నిటిలో మీ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే కౌన్సిల్ కౌంటర్ దగ్గర ఆగిపోతారు. మొదటి సెమిస్టర్ మెమో చేతికొచ్చిన రోజే పదో తరగతి మెమోతో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అప్పుడే పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టండి. ఎనిమిది మెమోలు వచ్చాక సరిచేయించాలంటే ఎనిమిదీ మార్పించాలి.